పన్నెండు దాకా

మార్చి నుంచి దగ్గుతోంది నసీబా.
పొడి దగ్గు కాదు,
గొంతులో గంజి ఉడుకుతున్నట్టు
గుబగుబమనే తడి దగ్గు.
"నాలుగు నెల్లు మేడం.
మూడు సీసాల సిరప్పు తాపినాం,
సిద్ర్ తేనె నాకించినాం,"
అంటాడు మస్తాన్‌వలి,
ఫర్వానియాలో నీళ్ల ట్యాంకరు తోలే
రాయచోటి మనిషి.
బయట తురాబ్ లేచింది.
కిటికీలో ఎదురు భవనం లేదు,
ఉందని నమ్మడమే.

ఆరేళ్లు నిండకముందే
రెండు ఎక్స్‌రేలు, ఒక సీటీ ఉన్నాయి ఫైల్లో.
చిన్న ఒంట్లో కిరణాల లెక్క
శెట్టి కొట్టు పద్దులాంటిది,
ఎక్కడో రాసి ఉంటుంది.
అడిగేవాడు రాకపోవచ్చు కూడా.
అయినా పద్దు పెంచడం ఎందుకని
డాక్టర్ గనీమా ఈసారి
చీటీ మీద నా గది పేరు రాసింది.
కిరణాల్లేవు. అయస్కాంతం, కాస్త ఓపిక.
ఓపిక ఎవరిదన్నది చీటీలో లేదు.

"లోహం ఏమైనా ఉందా?"
రోజుకు ముప్పైసార్లు అడుగుతాను.
వాళ్లమ్మ షంషాద్
పాప మెడలోని నల్లదారాన్ని
వేలికి చుట్టుకుని నిలబడింది.
కొసన వెండి తాయెత్తు.
"ఇది ఉంటేనే నిద్రపోతాది."
నేనేం మాట్లాడలేదు.
కాసేపటికి తనే విప్పింది,
పెదాల దగ్గర పెట్టుకుని ఏదో చదివి
బయట ఉన్న మొగుడి గుప్పిట్లో పెట్టి వచ్చింది.

ఊపిరితిత్తిలో ఉండేది చాలావరకు గాలి.
గాలికి బొమ్మ రాదు, తడికి వస్తుంది.
ఏ కఫం పిల్లను నిద్రపోనివ్వదో
ఆ కఫమే మాకు దీపం.
కాని కదలకూడదు.
పన్నెండు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి.

ఐదుకు దగ్గింది.
మళ్లీ మొదలుపెడితే, ఏడుకు.
తెర మీద పక్కటెముకలు
తడిసిన సిరాలా పాకాయి.
మత్తు ఇద్దామా అని ఫోన్లో అడిగారు.
వరసలో ఇంకా ఏడుగురు.
నిజం చెప్పాలంటే
సీటీ అయితే ఈపాటికి అయిపోయేదనుకున్నాను.
అనుకున్నందుకు సిగ్గు కూడా పడలేదు,
అలసట, అంతే.

తలుపు దగ్గర చక్రాల కుర్చీలో
మోకాలి బొమ్మకు వచ్చిన బూ ముసాయిద్
ఇదంతా వింటున్నాడు.
"మా నాయన ముత్యాలకు దిగేవాడు," అన్నాడు,
"ముక్కుకు తాబేటిచిప్ప పటకారు,
కాలికి రాయి.
దగ్గొచ్చిన రోజు
దగ్గంతా పడవ మీదే దగ్గేసి దిగేవాడు.
నీళ్లలోకి ఎవడైనా దగ్గు తీసుకెళ్తాడా?"

ఇంత చిన్న సంగతి
తొమ్మిదేళ్ల నా సర్వీసుకు తట్టలేదు.

పాపను లేపి కూచోబెట్టాం.
అద్దం మీద ఆవిరి పట్టించినట్టు
హా, హా అని గాలి వదలమన్నాను.
షంషాద్ చెయ్యి దోసిలి చేసి వీపు తట్టింది.
ఎంత దగ్గిందో!
కాగితం రుమాలు మడిచి, ఇంకోటి, ఇంకోటి.
తర్వాత మైకు మస్తాన్‌వలికి ఇచ్చాను.
"ట్యాంకరు నింపేటప్పుడు ఎట్ల లెక్కబెడతాం మ్మా?
పైపు కదిల్తే నీళ్లు రోడ్డుపాలు.
ఒకటి... రెండు..."
రాయి కొట్టే మిషన్లా గది దడదడలాడింది.
పది దగ్గర అతని గొంతే వణికింది,
పాప వణకలేదు.

బొమ్మ వచ్చింది.
కొస పోనుపోను సన్నబడాల్సిన కొమ్మలు
సన్నబడుతూనే ఉన్నాయి,
ఎడమ అడుగున ఒకటి తప్ప.
అది గొట్టంలా అట్లాగే సాగింది,
చుట్టూ తెల్లటి తడి.
రిపోర్టు రాసేది నేను కాదు.
మొహంలో ఏమీ కనపడనీయకపోవడం కూడా
నా డ్యూటీయే.
అతను మొహమే చూస్తున్నాడు.

"మందులేసినాక తగ్గిందో లేదో
మళ్లా తీసి చూడొచ్చునా మేడం?
పిల్లకేం కాదు కదా?"
చూడొచ్చు అన్నాను.
చలికాలం వచ్చాక, ఆ పై ఏడు,
భయం లేకుండా చూడొచ్చు.
ఆ ఒక్కటే నా నోటితో చెప్పగలిగింది.

తాయెత్తు మెడకెక్కింది.
బూ ముసాయిద్ కుర్చీని లోపలికి తోస్తూ
చెవి మాత్రం కారిడార్‌కే వదిలి
లెక్కపెట్టాను.
తొమ్మిది దాకా
దగ్గు వినపడలేదు.