నిండు కడుపు

వాన వెలిసేదాకా ఎవరూ కదలరు.
నా డేరాలో నాలుగు బల్లలు, పదకొండు మంది,
ఒక తడిసిన జీను.
మూకుట్లో ఖూషూర్లు పొంగుతుంటే
వాదన కూడా పొంగింది:
పండగ మూడాటల్లో ఏది కష్టం?
దేనికి ఎక్కువ పనితనం కావాలి?

ఏటేటా ఇదే తగువు.
తమీర్ ఏరులాగే వస్తుంది,
కొంత గట్టు తినేసి పోతుంది.

ముందు దంబీ నోరు విప్పాడు.
రెండో కుస్తీలోనే మట్టి కరిచినవాడు,
వీపుకింకా గడ్డి అంటుకునే ఉంది.
"బలం ఎద్దుకీ ఉంటుంది.
ఎదుటివాడి బరువు
ఏ కాలి మీంచి ఏ కాలి మీదికి జారుతోందో
వాడికి తెలిసేలోపు నా పిక్కకి తెలియాలి."

"ఇవాళ నీ పిక్క నిద్రపోయిందా?"
అంది ఉల్జీ.
విల్లు తడవకుండా తన కోటు దానికి కప్పి
తాను తడిసొచ్చిన మనిషి.

ఆమె లెక్క వేరు.
అరవై అయిదు మీటర్ల అవతల
నేల మీద పిడికెడు తోలుచుట్ట.
మధ్యలో గాలి.
"గాలిని నడుం పట్టుకుని పడెయ్యలేవు దంబీ.
ఊపిరి సగం వదిలి సగం దాచి
ఆ సగంలో వేలు విప్పాలి.
విప్పడం రావడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది నాకు.
తగిలితే చేతులెత్తి ఊహాయ్ అంటారు.
తగలకపోతే ఎవరూ ఏమీ అనరు,
అది వినడం ఇంకా పూర్తిగా రాలేదు."

గోంచిగ్ తాత నవ్వాడు,
పళ్ళు లేకపోయినా పదునుగా.
"కడుపులో చల్ల కదలకుండా నిలబడి
బాణాలేసుకునేదానివి, నీకేం తెలుసే?
నెల ముందు నించీ గుర్రం చెమట గీకి
నాలిక మీద పెట్టుకుంటాను.
ఉప్పగా ఉంటే ఇంకా తిప్పాలి,
నీళ్ళలా ఉంటే సిద్ధం.
పేడ వాసన చూసి పందెం చెప్పేస్తాను."
"చెప్పావుగా!" అన్నారెవరో వెనక బల్ల నించి.
డేరా గొల్లుమంది.
పొద్దున తాత గుర్రం
అరవై మూడింటిలో అరవై మూడోది.

నేను తలదూర్చలేదు.
కాగే నూనె దగ్గర నిలబడ్డవాళ్ళు
అభిప్రాయాలు పెట్టుకోకూడదు.
అయినా అనుకున్నాను లోపల,
అంచు మడతల్లో ఒక్కటి వదులైతే చాలు
మాంసం రసమంతా మూకుటి పాలు.
సరేలే, దానికి పతకాలివ్వరు.

పట్టు ఎలాగో చూపించబోయి
దంబీ నా ఉప్పు డబ్బా తన్నేశాడు.
ఒకడు చదరంగం అన్నాడు, ఒకడు బాక్సింగ్ అన్నాడు.
పట్నం నించొచ్చిన డ్రైవరు బాస్కెట్‌బాల్ అన్నాడు,
అతనికెవరూ జవాబివ్వలేదు.

అప్పుడు బల్ల కింద నించి ఒక గొంతు.
జీను తలగడగా పడుకున్న నందిన్,
తాత మనవరాలు, ఎనిమిదేళ్ళది,
పొద్దున ఆ గుర్రమెక్కింది తనే.
"అన్నిటికన్నా కష్టం
ఒంటేలు ఆపుకోడం."

కాసేపు నూనె ఒక్కటే మాట్లాడింది.

"బయల్దేరేముందు అమ్మమ్మ
మూడు గిన్నెల చల్ల తాగించింది.
పన్నెండు కిలోమీటర్లు.
అందరూ దాటిపోతుంటే దిగుదామనుకున్నా.
దిగితే మళ్ళీ ఎక్కించేవాళ్ళు ఉండరుగా,
నా కాలు అందదు.
అందుకని మెల్లగా తోలా."

మా దగ్గరొక ఆనవాయితీ ఉంది.
రెండేళ్ళ గుర్రాల్లో ఆఖర్న వచ్చినదానికి
నిండు కడుపు అని పేరు పెట్టి
వచ్చే ఏడు నువ్వే ముందని పొగుడుతూ పాడతారు.
ఆ పొగడ్త వింటూ జీను మీద
పిల్ల మొహం ఎందుకు వంకర్లు పోయిందో
ఇప్పటికి తెలిసింది.
ఏడుపనుకున్నాం అందరం.
పదిహేను చరణాలు పాడాడా మహానుభావుడు.

"తర్వాత?" అన్నాడు తాత.
"గుర్రం కూడా ఆపుకుంది.
పాటయ్యాక ఇద్దరం ఒకేసారి."

ఉల్జీ విల్లు మీది కోటు తీసి
పిల్ల మీద కప్పింది.
దంబీ మోకాళ్ళ మీద వంగి ఉప్పు ఎత్తుతూ,
గెలిచినవాడి చంక కింద నించి
తలొంచి నడవాలి చూడూ,
అని ఏదో మొదలెట్టి
ఆపేశాడు.

వాన ఎప్పుడు వెలిసిందో ఎవరూ చూడలేదు.
డ్రైవరు గొంతు సవరించుకుని
మళ్ళీ బాస్కెట్‌బాల్ అన్నాడు.