గవ్వ

రాత్రి రెండుంపావు.
పాత పోస్టాఫీసు దగ్గర మూడో అంతస్తు,
ఏసీ చలికి మంకీ క్యాపు పెట్టుకుని నేను.
ఎర్రినాయుడు గారి ఫోను:
"లైను పడిపోనాదేటయ్యా?
గ్రాఫు నేలకి దిగిపోయింది!"

పడలేదండీ.
కిటికీలోంచి ఓడల దీపాలు,
రాక్ మీద పచ్చదీపాలు,
రెండూ మినుకుతూనే ఉన్నాయి.
పడింది లెక్క.

ముప్ఫై రెండు గళ్ళ పెట్టె అది,
ఎవరో ఎప్పుడో "ఇంత చాల్లే" అనుకుని కట్టింది.
నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్ల
నలభై తొమ్మిది లక్షల
అరవై ఏడు వేల
రెండు వందల తొంభై ఐదు.
ఆ పైన ఒక్క బైటు వస్తే
సున్నా.

పాత లైను మీద అది నిండడానికి ఒక పూట పట్టేది.
పోయిన నెల ఫైబరు వేశారు.
నిండుగా పారితే ఇప్పుడు
ముప్ఫై నాలుగు సెకన్లు.
నేను తొంగిచూసేది అయిదు నిమిషాలకోసారి.
ఒక్కసారి తిరిగితే కూడి సర్దుకుంటాను.
ఎనిమిదిసార్లా, తొమ్మిదిసార్లా?
నిన్న రాత్రి బ్యాకప్పు సగం
దాని లెక్కన జరగనే లేదు.

అరవై నాలుగు గళ్ళది కొనమని మూడు ఉత్తరాలు రాశాను.
అది నిండాలంటే
నాలుగు వేల ఆరు వందల ఏళ్ళ పైమాటే.
"అన్నేళ్ళు మనముంటామేటి, చూద్దాంలే" అన్నారు సారు.

తెల్లారి డ్యూటీ దిగి ఫిషింగ్ హార్బరు.
టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య.
మైలపల్లి పోలమ్మ కానాగంతలు లెక్కపెడుతోంది,
లాభం, రెండు, మూడు...
ఏడనదు, ఆరున్నొకటి అంటుంది,
పొద్దున్నే ఏడుపెందుకని.
నూరు కాగానే
ఒడిలోకి ఒక గవ్వ.
మళ్ళీ లాభం.

"గవ్వెందుకమ్మా?"
"నూరైతే నోటికొస్తాది బాబూ.
ఎన్ని నూర్లయ్యాయో నోరు మర్సిపోతాది.
గవ్వ మర్సిపోదు."

మా పెట్టెకి ఒడి లేదు.

ఆ రాత్రి పన్నెండు లైన్ల స్క్రిప్టు రాశాను:
ఇరవై సెకన్లకోసారి చూడు,
అంకె ఇందాకటి కంటే తగ్గితే
ఈ ఫైల్లో ఒకటి వెయ్యి.

పొద్దున్న ఎర్రినాయుడు గారు
నా భుజం మీంచి తెర చూసి
"గవ్వలు, నాలుగు వందల పదకొండు.
ఇదేటయ్యా?" అన్నారు.

ఉండండి సార్,
ఇంకోటి పడుతోంది.