ప్రతి ఐదో ఇల్లు

బడి గోడకాడ మొదలువెట్టి
ఎడమచేతి దిక్కు ప్రతి ఐదో ఇల్లు.
అదీ మాకిచ్చిన లెక్క.
తాళమేసిన ఇల్లు లెక్కల రాదు,
మగ్గం సప్పుడున్న ఇల్లు వస్తది.
గట్టుప్పల్ల తాళాల కంటే సప్పుళ్ళే ఎక్కువ.

భుజానికి ఐసు డబ్బా,
ఎర్రమూతల గొట్టాలు, ముప్పై పట్టీలు,
అట్టకు బిగించిన కాగితంల పన్నెండు ప్రశ్నలు.
మూడోది: ఇంతకుముందు మీకు కరోన వచ్చిందా?

తిరందాసు అండాలు అన్నది:
"ఇంట్ల అందరికొచ్చింది. నాకు రాలే.
నేను ముట్టుకోలే."
ఇంకోసారన్నది, ముట్టుకోలే అని.
కాగితంల ఆ మాటకు గడి లేదు.

చెయ్యి చాపింది.
గోర్ల సందుల నల్ల అద్దకం,
ఏ సబ్బుకూ లొంగనిది.
నరం దొరకలే. నేను రబ్బరు కడుతుంటే నవ్వింది.
"గట్ల కాదు బిడ్డా" అని
ఒక కొస పంట పట్టి తనే బిగించుకున్నది.
"మేం రంగు లోపలికి పోవద్దని కడ్తం.
మీరు బయటికి రావాలని కడ్తరు."

గొట్టం నిండింది.
ఒక్క చుక్క పట్టీ మీద,
దాని ఎంబడి రెండు చుక్కల మందునీళ్ళు.
ఇగ పావుగంట.

ఆ పావుగంట ఆసును చూసుకుంట కూసున్న.
సగం చందమామ లెక్క మేకుల వరుస.
పోగు పోవాలె, రావాలె, పోవాలె, రావాలె,
చీరకు ఎన్ని వేలసార్లో
నోటికి తెల్వదు, భుజానికి తెలుసు.
గోడకు ఇంకో ఆసు ఆనిచ్చి ఉన్నది.
సగం పోసిన పట్టు, మీద దుమ్ము.

"మా యారాలిది. రత్నమాలది."

నేనడగలే. నా ప్రశ్నలు పన్నెండే.
ఆమే చెప్పింది.

బడిల పండబెట్టిన్రట.
నేను లెక్క మొదలువెట్టిన బడే,
రెండో తరగతి గది, గోడకు గుణింతాలు.
గిన్నె గడపకాడ పెట్టి
ఏడడుగులు ఎనక్కి జరిగేదట.
ఒకనాడు ఎండపూట
"అక్కా, జర వీపు రుద్దవా" అన్నదట లోపలినుంచి.
"నాకు పిల్లలున్నరు గద అన్న" అన్నది అండాలు.
"దానికి లేరని తెల్వకనా."

గీతలు పడ్డయి.
మొదటిది అందరికీ పడేదే,
పట్టీ మంచిదని చెప్పేది.
రెండోది సన్నగా,
చిటికి కట్టిన కాడ రంగు చెదిరినట్టు
అంచు తేలిపోయి.
కొత్తది కాదు. పాతది.
వచ్చింది, మందలియ్యకుండ ఉన్నది, పోయింది.

"అంటే నాకూ వచ్చిందా?"
"వచ్చిందమ్మా."
"ఎప్పుడు?"

నల్లగొండల రెండు దినాలు ట్రైనింగు ఇచ్చిన్రు.
సూది ఎట్ల పట్టాలె, మూత ఎట్ల తిప్పాలె,
డబ్బాల ఐసు కరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలె.
నెత్తురుకు జ్ఞాపకముంటదన్నరు.
తారీకులుండయని మేమే తెలుసుకోవాలె.

"అది పడుకున్నంక వచ్చిందా, ముందేనా?
ముందే అయితే నేను పోయి కూసుండేదాన్ని గద.
ఇంకా ముందైతే..."
ఆపింది. గడప దిక్కు చూసింది.

"ఎనకనే అయి ఉంటది" అన్న.
"నీకెట్ల ఎరుక?"
"గీత పలచగున్నది కదా, అందుకే."

అబద్ధం. ఇరవై ఆరేండ్లకు
డ్యూటీ మీద నేనాడిన మొదటి అబద్ధం,
ఆడింది నూలు కట్టే మనిషితోని.

పట్టీ చేతిలోకి తీసుకున్నది.
ఎలుతురుకు పట్టి చూసింది,
చీరల తప్పు దారం ఎతికినట్టు.
"అద్దకం పాతబడితేనే పలచనైతది బిడ్డా" అన్నది.
మెల్లగ, కోపం లేకుండ,
పని నేర్పేటోళ్ళు చెప్పినట్టు.

దూది మీద ఏలు ఒత్తిపట్టుకొని లేచింది.
గోడకానిచ్చిన ఆసు మీద దుమ్ము
కొంగుతోని తుడిచింది. పట్టును ముట్టలే.

గొట్టం మీద నంబరేసిన, నాలుగొందల పదిహేడు.
మూడో ప్రశ్న కాడ
లేదు అని రాసింది కొట్టెయ్యలే.
ఆమె జవాబు ఆమెది, గీత జవాబు గీతది.

బయట ఎండ. ఐసు డబ్బా అడుగునుంచి
నా ఎనక చుక్కలు పడుకుంట వచ్చినయి.
ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుంట నడిచి
ఎక్కడ తప్పిననో,
ఆరో ఇంటి తలుపు కొట్టిన.