గుటకలు

మిర్యాలగూడ బస్టాండుల
జీరో టికెట్ కోసం చాపినప్పుడే
ఆధార్ కార్డు చేతుల వణికింది.
"ఏందమ్మా, చలా?" అన్నది కండక్టరు.
మే నెల. బస్సు రేకు మీద చెయ్యి పెట్టనిస్తలేదు.
అవును, చలే అన్న.

రైసుమిల్లు ఊక దుమ్ము
నాలుగు రోజులసంది గొంతుల కూసున్నది.
జరం రాత్రే మొదలైంది.
ఆర్‌ఎంపీ గోలీలు కాయితంల చుట్టిచ్చి
"గంటకో గ్లాసు నీళ్లు తాగు,
ఇంట్లనే పండుకో" అన్నడు.
రెండో ముక్క నేను ఇనలే.

వేములపల్లి కాడ
కిటికీకి నెత్తి ఆనిచ్చి కాలువ చూసిన.
అడుగున పగిలిన ఒండ్రు,
ఒక చెప్పు,
మూత లేని సీసా.
తిప్పర్తి దాటెటాల్లకు నిద్రవట్టింది.
నిద్రల గూడ దగ్గిన్నేమో,
పక్కసీటామె ముక్కుకు కొంగు అడ్డం వెట్టుకొని
ఎనక సీటుకు పోయింది.
నేనైనా అంతే చేద్దును.

నల్లగొండ పెద్ద దవాఖాన.
డయాలసిస్ గది ముంగట
నర్సు నా దగ్గిని చెయ్యి అడ్డం వెట్టింది.
"నీకైతే తగ్గుతది.
లోపలోళ్లకు అంటుకుంటే నేనేం జెయ్యాలె?"
తలుపు మూసింది.

సంచి చేతులనే ఉండిపోయింది.
ఉప్పెయ్యని జొన్నరొట్టెలు రెండు,
ఉతికిన చీర.
బస్టాండు బయట బండ్లనిండ బత్తాయిలే,
ఒక్కటి గూడ కొనలే.
జంగమ్మత్త తినగూడని పండ్ల కాయితంల
మొదటి వరసల ఉన్నది బత్తాయి.

తలుపుకు అరచెయ్యంత అద్దం.
మూడో మంచం మీద
మడమలు మాత్రం కనవడ్డయి, పగుళ్లు పగుళ్లుగ.
మిగిలిన మనిషంతా మిషను చాటుకు.

మల్ల దగ్గొచ్చింది.
కొంగు నోట్లె కుక్కుకొని దగ్గిన.
వరండల ఇంకో నలుగురు గూడ దగ్గుతున్నరు,
ఎవరిది ఏందో ఎవరికెరుక.

సంచిల ఫోను మోగింది.

"అండాలూ, ఎప్పుడొచ్చినవే?"
వస్తున్నట్టు నేనెవరికీ చెప్పలే.
"నీకెట్ల తెల్సిందత్తా?"
"నీ దగ్గు నాకెరుక లేదా.
ఐదేండ్లప్పుడు కోరింత దగ్గొస్తే
నెలరోజులు నా ఎద మీదనే పండవెట్టుకున్న.
ఆఖర్న పెట్టకూత లెక్క ఒకటొస్తది నీకు.
ఇంకా పోనేలేదు."

ఆమెకు నాకు నడుమ ఇరవై అడుగులు.
ఏ గుట్ట మీది టవరు దాకానో పోయి
తిరిగొస్తున్నది మా మాట.

నేనడగాల్సినయన్నీ ఆమెనే అడిగింది.
తిన్నవా.
కీళ్లు గుంజుతున్నయా.
ఒంటికి పచ్చగొస్తుందా.
అది అడిగి ఒక్క గడియ ఆగింది.
ఆమెకు ఒంటికి రాక ఏడాది దాటింది.

"డాక్టరు ఏమన్నడు?"
"నీళ్లు తాగుమన్నడు."
అన్నంక నాలిక కరుసుకున్న.

ఆమె సీసాకు పెన్నుతోని గీత ఉంటది.
మామ పొద్దుగాల్నే గీస్తడు,
దినమంతటికి అంతవరకే.
గోలీలకు మూడు గుటకలు,
బుక్కకడ్డం పడితే ఒకటి,
మిగిలింది పెదవులు తడుపుకోను.
మర్రిగూడ దిక్కు పుట్టింది మా అత్త,
ఆ ఊరి నీళ్లకు చిన్ననాడే పండ్లు పచ్చబడ్డయి.
ఇప్పుడు ఆ నీళ్లైనా మంచిదే అంటది,
ఇస్తే.

"నీళ్ల సీసా ఉన్నదా నీ కాడ?"
"ఉన్నది."
"మూత తియ్యి."
తీసిన.
"ఫోను గొంతు కాడ వెట్టుకొని తాగు.
నాకు ఇనవడాలె."

తాగిన.
బస్సుల ఎండకు కాగిన నీళ్లు, ప్లాస్టిక్ వాసన.
ఒక్కో గుటక ముల్లు లెక్క దిగుతున్నది.
అటు దిక్కు మిషను తిరుగుతున్న సప్పుడు,
దాని కింద ఆమె ఊపిరి.
సగం సీసా అయినంక
మూతి తుడుసుకున్న.

"ఇంకా" అన్నది.