అమ్మోనియా

ముషీరాబాద్ ఐసు ఫ్యాక్టరీలో
మా మేనమామ బాలనర్సయ్య
ముప్పై ఒక్క ఏళ్లు కంప్రెసర్ ఆపరేటరు.
గొట్టానికి చెవి ఆనించి
గ్యాసు ఎటు పోతోందో, ఎక్కడ అడ్డం తగులుతోందో చెప్పేవాడు.
లీకు అనుమానమొస్తే గంధకం పుల్ల వెలిగించి
కీలు కీలుకీ చూపించేవాడు, హారతి పట్టినట్టు.
తెల్లపొగ లేచిన చోట ఆగి,
"గిదిగో, దొంగ."
ఇంటికొస్తే "అంగీ బయటనే విప్పు" అనేది అత్త.
ఆ వాసనకి నా కళ్లలో నీళ్లు.
ఎందుకేడుస్తున్నవే అని ఎత్తుకునేవాడు,
వాసన ఇంకా దగ్గరయ్యేది.

ఇప్పుడు రాత్రి రెండు.
ఉస్మానియా క్యాంపస్‌లో కరెంటు పోయి వచ్చింది.
నా తెరమీద ఒక నల్ల మరక:
పాలపుంత వెలుగుకి అడ్డంగా
ముందుకొచ్చి నిలబడ్డ మబ్బు.
పదకొండు వేల ఏళ్ల కిందటి చీకటి.
లోపల చలి,
ఐసు ఫ్యాక్టరీని కొలిమి అనిపించే చలి.
ఆ చలిలో గడ్డకట్టిపోకుండా
ఇంకా మాట్లాడుతున్నవి కొన్నే.
వాటిలో ఇదొకటి.

మూడు హైడ్రోజన్ల గొడుగు, కొసన నైట్రోజన్.
ఆబిడ్స్‌లో ఈదురుగాలికి గొడుగు తిరగబడినట్టు
లోపలిది బయటికి, బయటిది లోపలికి
సెకనుకి రెండు వేల మూడొందల కోట్లసార్లు.
ఆ తిరగబాటే యాంటెన్నాకి అందేది.
మనవైపు వచ్చే వాయువుదైతే శ్రుతి ఓ వెంట్రుక హెచ్చు,
దూరమయ్యేదైతే తగ్గు.

వారం నుంచి ఆ వెంట్రుకల మీదే కూర్చున్నాను.
మబ్బు ఊరికే ఉందనుకున్నాం.
లేదు.
పొడుగాటి పోగులుగా, ఎక్కడెక్కడి నుంచో, నడిమికి.
సెకనుకి అర కిలోమీటరు.
ప్యారడైజ్ నుంచి చార్మినార్‌కి ఇరవై సెకన్లు;
ఆకాశంలో అది నత్తనడక.
మెహదీపట్నం చౌరస్తాలా, అని రాసి
వెంటనే కొట్టేశాను.
చౌరస్తాలో ఎవరూ ఒకటైపోరు.
ఇక్కడ చేరినదంతా బరువై
ఇంకొంత లాగుతుంది.
ఏ లక్ష ఏళ్లకో ఓ పెద్ద నక్షత్రం కళ్లు తెరుస్తుంది.
తెరిచాక చేసే మొదటి పని
తనని పోసిన మబ్బుని చెదరగొట్టడం.

ఐదింటికి ఇంటికెళితే మామ లేచే ఉన్నాడు,
బిస్కెట్ చాయ్‌లో ముంచుతూ.
ఒక చెవే వింటుంది ఇప్పుడు.
రెండోదాన్ని కంప్రెసరే తినేసింది.
ఫోన్లో పటం చూపించాను:
పోగు ఒక కొస నీలం, ఒక కొస ఎరుపు, నడుమ ముడి.
"గిదేంది?"
"గ్యాసు మామా. మీ గ్యాసే."
చాలాసేపు చూశాడు.
వేలితో ముడి మీద నొక్కాడు, బొమ్మ పెద్దదై మసకబారింది.
"లీకా?"
"కాదు. లోపలికి పడుతోంది."

బిస్కెట్ విరిగి కప్పులో మునిగింది.
చెంచాతో దాన్ని వెతుక్కుంటూ అన్నాడు:
"లోపటికైతె మంచిదే...
వాల్వు కాడ ఎవరన్న ఉన్నరా మరి?"