రోజుకో వేలెడు

జాబ్రియాలో మా కఫీల్ ఇంట్లో
రౌటరును రోజూ తాకేది నేనొక్కదాన్నే.
వాళ్లకది నెట్టు.
నాకది దుమ్ము పట్టే నల్లపెట్టె,
రెండు కొమ్ములు, ఐదు దీపాలు.
అడుగున చీటీ మీద పాస్‌వర్డు.
వాళ్లు మార్చలేదు, నేను అడగలేదు.

నాలుగు దీపాలు పచ్చగా ఉండి ఐదోది ఎర్రబడితే
పై అంతస్తు నుంచి పిల్లల కేకలు:
"రెడ్డెమ్మా, మాఫీ నెట్! మాఫీ నెట్!"
చీపురు పక్కన పెట్టి పోతాను.
వెనక తీగ లాగి, ముప్పై లెక్కబెట్టి, మళ్లీ గుచ్చుతాను.
ముప్పై దాకా ఆగే ఓర్పు వాళ్లకు లేదు.
నేను లెక్కబెట్టేది తెలుగులో, నిదానంగా,
పదిహేడు దగ్గర ఎప్పుడూ రవ్వంత తడబడి.

ఎవరూ నేర్పలేదు.
మైక్రోవేవులో పాలు తిరిగినంతసేపూ
ఖాసింబీ గొంతు ముక్కలవుతుంది.
చేపల తొట్టి అవతల నిలబడితే ఒక గీత పోతుంది,
నీళ్లు మాటను తాగుతాయేమో.
నిలువుటద్దం వెనక రెండు పోతాయి.
ఇనుప తలుపున్న స్టోరు గదిలో అసలేమీ రాదు.
ఈ ఇంటి ప్లాను గీయమంటే
గోడలు వదిలేసి గీతలు గీస్తాను.

ఖాసింబీ, నేను ఒకే విమానంలో దిగినాం.
ఆమెది జహ్రా. కారుంటే ముక్కాలు గంట.
నాలుగేళ్లయింది, ఒక్కసారీ ఎదురుపడలేదు.
రాత్రి పదకొండున్నరకు గిన్నెలన్నీ బోర్లించి
వంటింటి వెనక నా గదిలో
ఫోను ఉప్పు డబ్బాకు ఆనించి కూర్చుంటాను.
పెద్ద మాటలేం కావు.
"ఈ పొద్దేం చేస్తివిమే?"
"మచ్బూస్. నువ్వు?"
"మచ్బూసే. అడుగంటె."

పోయిన నెల దివానియాలో
బాబా స్నేహితులు చూస్తుండగా
గోలు పడే ముందు ఫుట్‌బాల్ ఆట ఆగిపోయింది.
మరునాడే మలబారీ పిల్లోడు వచ్చినాడు
నిచ్చెనతో, చెవి మీద పెన్సిలుతో.
పెట్టెను పొడుగాటి బల్ల మీద తూర్పు కొసకు జరిపినాడు.
దివానియాలో ఐదుకు ఐదు.
బాబా వాడి భుజం తట్టినాడు.
వాడు ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి
వంటింటి వెనక ఏమీ రావడం లేదన్నాడు.
"ఆడ ఎవరూ ఉండరులే" అంది మామా.
నేను వాడికి టీ అందిస్తూ ఉన్నాను.
వాడు ఒకసారి నా మొహం చూసి
చక్కెర ఎక్కువైందన్నట్టు తల దించుకున్నాడు.

ఆ రాత్రి తెర మీద చక్రం తిరిగింది, తిరిగింది.
ఖాసింబీ మొహం నోరు తెరిచి
ఏదో అనబోతూ బిగుసుకుపోయింది.

తెల్లారి గుడ్డ తీసుకున్నాను.
పెట్టెను ఎత్తి, తుడిచి, పెట్టినాను.
పెట్టేటప్పుడు ఒక వేలెడు పడమరకు.
మరునాడు ఇంకో వేలెడు.
దుమ్ము తుడిచే చేతిని ఎవరు కొలుస్తారు?
తీగ బిగిసిన నాడు బల్ల వెనక చుట్ట విప్పినాను.
ధూపం కుండీని ఒక పక్కకు, పెళ్లి ఫోటోను ఇంకో పక్కకు.
శుక్రవారం మామా బల్ల వంక తేరిపార చూసింది.
గుండె గొంతులోకి వచ్చింది.
"కుండీ అడుగు నల్లబడింది, తోము" అంది.
తోమినాను. ఆ రోజుది కూడా కలిపి రెండు వేళ్లు.

ఇరవై రెండో నాడు
గ్లాసుల ట్రేతో దివానియాలోకి పోయి ఓరగా చూసినాను.
ఆట సాగుతోంది, నాలుగు గీతలు.
వాళ్లకు నాలుగు చాలు. నాకు ఒకటి చాలు.

"ఏమ్మే, వినపడ్తాందా?"
"వినపడ్తాంది. ఆ పొద్దు ఏందో అనబోతివే?"
"యాపొద్దు?"
"నోరు తెరిచి ఆగిపోతివే, ఆ పొద్దు."
"ఏమో. మచ్బూసనే అయ్యుంటాది."

అంతలో పక్కన వంటింట్లో ఎవరో పాలు పెట్టినారు.
ఆమె గొంతు ఇసుకలా రాలడం మొదలైంది.
"ఉండు, పెట్టెయ్యాకు" అని అరిచి చెప్పినాను,
"ముప్పై లెక్కబెట్టు."
ఆమె వినిందో లేదో.
నేను మాత్రం ఒకటి నుంచి మొదలుపెట్టి
పదిహేడు దగ్గర ఆగినాను.