ఐదుకి ఎన్ని

శ్రీకాకుళం పెద్దాసుపత్రి, పదకొండో గది బయట బల్ల.
నా చేతిలో సంతృప్తి ఫారం.
ఆమె ఒళ్లో నిద్రపోయిన కొడుకు,
వాడి మోచేతి మడతలో ఇంకా దూది.

ఎంతసేపు కూర్చోబెట్టారమ్మా?
"మందస బస్సు దిగినకాడి నుంచి."

అర్థమయ్యేలా చెప్పారా?
"నెత్తురులో కొడవళ్లంట బాబూ.
సగం నాది, సగం ఆడి అయ్యది.
ఎవుల్దీ తప్పు కాదన్నాది."

మీవాళ్లకీ ఇక్కడికి రమ్మని చెబుతారా?
నవ్వింది.
"అక్కసెల్లెళ్లందర్నీ తెమ్మని
ఆ డాక్టరమ్మే అన్నాది కదా."

ఐదుకి ఎన్ని మార్కులు?

సవర తవిటమ్మ
కొడుకు చేతి మీది దూది సర్దింది.
"నాకీ పేరెందుకని అడిగినాది.
నాకు ముందు ముగ్గురు పోనారు,
నన్ను సేటెడు తవుడు పోసి కొన్నారని సెప్పినాను.
మడిసీసిన కాయితం మల్లా ఇప్పి
మొగోడికి డబ్బా గీసినాది,
ఆడపిల్లలకి సున్నాలు సుట్టినాది.
పేర్లడిగినాది.
కడాదానికి పేరెట్టనేదు.
దానికీ సుట్టినాది."

నా పెన్ను గడుల మీదే ఆగిపోయింది.

"నాలుగేసీ బాబూ," అంది, పిల్లాణ్ని భుజానికెత్తుకుంటూ,
"ఈడ తాగడానికి నీల్లు నేవు."

సూచనలు అన్న చోట
నీళ్లు అని రాశాను.
ఆ ముగ్గుర్నీ ఎక్కడ రాయాలో తెలీక
ఫారం వెనక్కి తిప్పి చూశాను.